నిద్రపుచ్చిన బటన్

సెంటినరీ కాలనీలో ఎల్లన్న మాటకారితనం తెలియనివాళ్లు లేరు. బొగ్గు గనిలో పనిచేసినన్నాళ్లూ ఆయన షిఫ్టు బస్సు ఎక్కాడంటే దిగేదాకా బస్సులో ఎవరికీ కునుకు పట్టేది కాదు. పని చూసే ఓవర్‌మన్ గొంతు అనుకరించేవాడు, మేనేజరు నడక అనుకరించేవాడు, ఆఖరికి తన మీద తనే జోకులు వేసుకునేవాడు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి మాట పూర్తిగా పడిపోయింది. కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి, మెడా నడుమూ మాత్రం కాస్త కదులుతాయి. కుడిచేతి చూపుడువేలు ఒక్కటి మాత్రం చెప్పినట్టు వింటుంది. మతి చెక్కుచెదరలేదు. ఎవరేమన్నా వింటాడు, అన్నీ అర్థమవుతాయి, తిరిగి ఒక్క మాట అనలేడు.

తండ్రి పనికి అన్‌ఫిట్ అని తేల్చినందుకు, ఆయన బదులు కొడుకు రఘుపతికి గనిలో ఉద్యోగం వచ్చింది. రఘుపతి డ్యూటీకి పోతే ఇంట్లో ఎల్లన్నను కనిపెట్టుకుని ఉండేది కోడలు జమున. అన్నం తినిపించడం, పక్కకు తిప్పడం, గుడ్డలు మార్చడం అన్నీ ఆమే. ఆయనకు ఏం కావాలో కళ్లు చూసి ఊహించుకోవాల్సిందే. ఊహ తప్పితే ఎల్లన్న కళ్లలో నీళ్లు తిరిగేవి, జమున కూడా ఏడ్చేది.

ఆ బాధ చూడలేక సంతోషి ఒక ఉపాయం చేసింది. సంతోషి ఎల్లన్నకు తమ్ముడి కూతురు, ఆయన్ని పెద్దబాపు అని పిలుస్తుంది. తల్లిదండ్రులతో పక్క వరుస క్వార్టర్లోనే ఉంటూ, హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. గోదావరిఖనిలో గట్టయ్య అని ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణం నడిపే ఆయన ఉంటే, ఆయన చేత ఒక పాత మౌసు విప్పించి, లోపలి సర్క్యూటుకు ఒక పెద్ద ఎర్ర బటన్ అతికించింది. దాన్ని తన కాలేజీనాటి లాప్‌టాప్‌కు తగిలించింది. తెర మీద వరసగా మాటలుంటాయి: నీళ్లు, నొప్పి, పక్కకు తిప్పు, జమునా రా. ఒక పసుపు గడి ఒక్కో మాట మీద కాసేపు ఆగి ముందుకు పోతుంటుంది. కావలసిన మాట మీదికి గడి వచ్చినప్పుడు ఎల్లన్న వేలితో బటన్ నొక్కితే లాప్‌టాప్ ఆ మాటను గట్టిగా పలుకుతుంది. ఇంకేదైనా చెప్పాలనిపిస్తే వరస చివర అక్షరాల పేజీ ఉంది. ఒక్కో అక్షరం ఏరుకోవాలి. చాలాసేపు పడుతుంది గానీ ఏ మాటైనా చెప్పొచ్చు. మొదటిరోజు ఎల్లన్న అక్షరాలన్నీ ఏరుకుని “చాయ్‌ల చక్కెర లేదు” అనిపించాడు. జమున పకపకా నవ్వి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

దాంతో జమునకు కూడా ఊపిరి ఆడింది. లాప్‌టాప్ అరుపు గోడ అవతల మల్లక్క ఇంటిదాకా వినిపిస్తుంది. మల్లక్క పెద్దావిడ, ఎప్పుడూ ఇంటి పట్టునే ఉంటుంది. ఎల్లన్న పిలిస్తే తాను చూసుకుంటానని ఆమె అనడంతో, జమున మధ్యాహ్నాలు కమ్యూనిటీ హాలులో నేర్పే మగ్గం పనికి పోసాగింది. చట్రానికి బిగించిన గుడ్డ మీద పూసలూ జరీ కుట్టే ఆ పని ఆమె చేతికి తొందరగా పట్టుబడింది. పెళ్లైన తర్వాత తనకంటూ చేసుకున్న పని అదొక్కటేనని ఒకసారి సంతోషితో అంది.

వేసవి ముదిరింది. రామగుండం ఎండ గురించి ఆ పక్కవాళ్లకు చెప్పక్కర్లేదు. గోడలు రాత్రిదాకా వేడి కక్కుతూనే ఉంటాయి. మధ్యాహ్నం పూట అప్పుడప్పుడు కరెంటు పోయేది. లాప్‌టాప్ బ్యాటరీ పాతది. కరెంటు పోయిన కాసేపటికే ఆగిపోయేది.

“జరంతసేపు ఎక్కువ నడిశేటట్టు చెయ్యరాదు సంతోషీ,” అని జమున అడిగింది. “గా మిషిన్ బంద్ అయితే మామకు మళ్ల నోరు కట్టేసినట్టయితాంది.”

కొత్త బ్యాటరీ తెప్పిస్తే సరిపోయేది. ఆ పాత మోడలుకు దొరకడం కొంచెం కష్టమైనా, వెతికితే దొరికేదే. కానీ సంతోషికి ఆ దారి నచ్చలేదు. తన చేతిలో అంతకంటే మంచి విద్య ఉందనుకుంది. కంప్యూటర్లో మనకు కనిపించే బొమ్మలకూ అక్షరాలకూ అడుగున కెర్నెల్ అని ఒక ప్రోగ్రాము ఉంటుంది. ఏ పరికరం తగిలించి ఉంది, దానితో ఎలా మాట్లాడాలి, దేనికి ఎప్పుడు కరెంటు ఇవ్వాలి, దేన్ని ఎప్పుడు నిద్రపుచ్చాలి అని చూసుకునేది అదే. కంపెనీలో సంతోషి పని సరిగ్గా ఆ నిద్రపుచ్చే పనే. ఆ పనిలో ఆమెకు మంచి పేరుంది. ఆ పేరంటే ఆమెకు ఇష్టం కూడా.

ఆదివారం కూర్చుని పెద్దబాపు లాప్‌టాప్ కోసమని ప్రత్యేకంగా ఒక కెర్నెల్ తయారు చేసింది. అది తయారు చేసేటప్పుడు వేల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ పరికరం ఉందా లేదా? దాన్ని నడిపే ప్రోగ్రాము లోపలే ఉంచాలా, అవసరమైతే తెచ్చుకునేలా పక్కన పెట్టాలా, మొత్తానికే తీసెయ్యాలా? కెమెరా తీసేసింది. బ్లూటూత్ తీసేసింది. ఆ లాప్‌టాప్‌లో లేని కార్డులూ, ఎన్నడూ తగిలించబోని ప్రింటర్లూ అన్నీ తీసేసింది. ప్రాసెసరు పని లేనప్పుడు నెమ్మదించేలా పెట్టింది. ఒక్కోటి తీసేస్తుంటే లాప్‌టాప్ తాగే కరెంటు తగ్గుతూ వచ్చింది. ఆ అంకె దిగుతుంటే ఆమెకు పిల్లల ఆటలా సంబరంగా ఉంది.

చివరికి తీగతో తగిలించే పరికరాల దగ్గరికి వచ్చింది. కాసేపు ముట్టుకోకపోతే వాటిని కూడా నిద్రపుచ్చొచ్చు. మళ్లీ ముట్టుకోగానే అవే లేవాలి. అయితే చవకరకం మౌసులు చాలావాటికి లేవడం రాదు. ఒకసారి నిద్రపోతే అంతే, తీగ పీకి మళ్లీ పెట్టేదాకా ఉలకవు పలకవు. అందుకే మౌసుల జోలికి పోకుండా వదిలెయ్యడం మామూలు. ఆ ఎర్ర బటన్ కూడా మౌసే. ఇది సంతోషికి తెలియని సంగతి కాదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఈ జాగ్రత్త చెప్పేది ఆమే. కానీ ఆ ఒక్కటీ కూడా కలిపితే అంకె ఇంకాస్త దిగుతుంది. కరెంటు లేనప్పుడు అన్ని పరికరాలనూ నిద్రపుచ్చమని పెట్టేసింది.

ఛార్జరు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి బటన్ నొక్కి చూసింది. నొక్కినప్పుడల్లా లాప్‌టాప్ పలికింది. బటన్‌ను కాసేపు ముట్టుకోకుండా వదిలేసి, అది నిద్రలోకి జారాక నొక్కి చూడాలన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది. రేపు చూద్దాంలే అనుకుంది. బ్యాటరీ ఇక గంటలకొద్దీ నడుస్తుందని జమునకు చెప్పి, కాలనీ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టింది. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు. వాటిని చూసుకుంటూ సంతోషి ఆ పరీక్ష సంగతి మరిచిపోయింది.

ఆ వారంలోనే జరిగింది. జమున మామకు అన్నం తినిపించి, నీళ్లు తాగించి, కూలరు వేసి, మల్లక్కకు చెప్పి మగ్గం క్లాసుకు పోయింది. ఆమె పోయిన కాసేపటికి కరెంటు పోయింది. కూలరు ఆగింది. పడమటి కిటికీలోంచి ఎండ మెల్లగా జరిగి ఎల్లన్న మొహం మీదికి వచ్చింది. మల్లక్క గాలి కోసం వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఉంది. ఆమెకు ఏ పిలుపూ వినబడలేదు.

జమున తిరిగి వచ్చేసరికి ఎల్లన్న సగం మంచం మీద, సగం నేల మీద ఉన్నాడు. భుజం ఒంటి కిందపడి నలిగింది. పెదవులు పగిలి, ఒళ్లు పెనంలా కాలుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడడం లేదు. ఆమె అరుపు విని మల్లక్కా సంతోషీ పరుగెత్తుకొచ్చారు. ముగ్గురు ఆడవాళ్లూ కలిసి ఆయన్ని మంచం మీదికి ఎక్కించారు, తడిగుడ్డలు వేశారు. అంబులెన్సు వస్తే జమునా మల్లక్కా దవాఖానకు పోయారు. ఇల్లు తాళం వేసి రమ్మని సంతోషికి చెప్పారు.

లాప్‌టాప్ మంచం పక్కన నేల మీద మూతపడి ఉంది. ఎల్లన్న జారినప్పుడు పడినట్టుంది. సంతోషి తీసి తెరిచింది. తెర వెలిగింది. బ్యాటరీ సగానికి పైగా ఉంది. పసుపు గడి ఏమీ ఎరగనట్టు నీళ్లు, నొప్పి, పక్కకు తిప్పు అంటూ నడవడం మొదలుపెట్టింది. బటన్ నొక్కితే పలికింది కూడా. ఒక్క క్షణం ఆమె మనసు తేలికపడింది. మూతపడి తెరుచుకుంటే పరికరాలన్నీ కొత్తగా లేస్తాయని వెంటనే గుర్తొచ్చింది. కరెంటు ఇంకా రాలేదు. లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, బటన్‌ను ముట్టుకోకుండా ఎదురుగా నిలబడింది. ఆదివారం ‘రేపు చూద్దాంలే’ అనుకున్న పరీక్ష అది. కాసేపు ఆగి నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. గట్టిగా నొక్కింది. వరసగా నొక్కింది. పసుపు గడి నీళ్లు మీదుగా నడిచిపోయింది, నొప్పి మీదుగా నడిచిపోయింది.

పెద్దబాపు ఎండలో పడుకుని చూసింది ఇదేనని ఆమెకు అప్పుడు తెలిసింది. తెర వెలుగుతూనే ఉంది. మాటలన్నీ ఎదురుగానే ఉన్నాయి. ఒక్కటీ ఆయన చేతికి అందలేదు. సంతోషి తడిసిన పక్కగుడ్డల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. ఒంట్లో రక్తమంతా మొహంలోకి పొంగినట్టు చెవులు మండిపోయాయి.

దవాఖానలో డాక్టర్లు సెలైన్ పెట్టారు, ప్రాణానికి భయం లేదన్నారు. రఘుపతి డ్యూటీ నుంచి బొగ్గు మొహంతోనే వచ్చాడు. తండ్రిని చూసి బయటికొచ్చి, వసారాలో అందరి ముందూ జమున మీద విరుచుకుపడ్డాడు. చుట్టుపక్కల రోగుల బంధువులు తలలు తిప్పి చూశారు. జమున గోడకు ఆనుకుని నిలబడి, మామ పిలుస్తాడనే ధైర్యంతో పోయానని మెల్లగా అంది. తాను ఇంటి వసారాలోనే ఉన్నానని, పిలిస్తే వినబడకపోవడమేమిటని మల్లక్క అంది. అప్పుడు రఘుపతి సంతోషి వైపు తిరిగాడు.

“మిషిన్‌కు ఏమైంది సంతోషీ? నువ్వు సూసినవు గద.”

చెప్పడానికే ఆమె నోరు తెరిచింది. రఘుపతి కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాట్సాప్‌లో చప్పట్లు పంపినవాళ్లలో ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. నోట్లోంచి వచ్చిన మాట వేరు.

“ఛార్జింగ్ అయిపోయినట్టుందన్నా.”

జమున తలెత్తింది. “పొద్దుగాల మిక్సీకని ప్లగ్గు తీసిన,” అంది తనలో తనే వెతుక్కుంటున్నట్టు. “మళ్ల పెట్టిన్నో... పెట్టలేదో...” రఘుపతి చెయ్యి విసిరి అవతలికి పోయాడు. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి సంతోషికి అక్కడే కావలసినంత సమయం ఉంది. తీసుకోలేదు. లోపలికి పోయి పెద్దబాపు పక్కన నిలబడింది. ఆయన నిద్రపోతున్నాడు. దుప్పటి మీద ఉన్న చూపుడువేలి కొన కందిపోయి వాచి ఉంది. సంతోషి అక్కడ నిలబడలేక బయటికొచ్చేసింది.

ఎల్లన్న కొన్నాళ్లకు ఇంటికి వచ్చాడు. ఆయన రాకముందే సంతోషి తన కెర్నెల్ తీసేసి, పాతదే మళ్లీ పెట్టింది. పాతది ఏ పరికరాన్నీ నిద్రపుచ్చదు. ఛార్జింగ్ విషయం సరిచేశానని ఇంట్లోవాళ్లకు చెప్పింది. తన వరకు మరమ్మతు అయిపోయింది కదా, ఇకనుంచి ఏ ప్రమాదమూ రాదు కదా, జరిగినదాన్ని తవ్వుకుని ఎవరికి లాభం అని తనకు తాను నచ్చజెప్పుకుంది. అది పగలు కాసేపు నిలబడేది. జమున కనబడగానే కూలిపోయేది.

జమున మగ్గం మానేసింది. చట్రం బీరువా వెనక్కి పోయింది. మామ మంచం పక్కన కుర్చీ వేసుకుని, పొయ్యి దగ్గరికి పోయినా ఒక కాలు గుమ్మంలోనే ఉంచినట్టు ఉండేది. గంటకోసారి ప్లగ్గు వేలితో నొక్కి చూసేది. పెట్టే ఉందని తెలిసినా మళ్లీ వచ్చి చూసేది. ఛార్జింగ్ గుర్తు ఎక్కడ కనబడుతుందో, సగానికి తగ్గితే ఎట్లా ఉంటుందో నేర్పమని సంతోషిని అడిగింది. తనకు మతిమరుపు ఎక్కువని, తనను నమ్ముకుంటే లాభం లేదని అంది. సంతోషి తెర మీద ఆ గుర్తు చూపించింది. చూపించిన చెయ్యి వెంటనే వెనక్కి లాక్కుంది.

ఒకరోజు జమున వేడివేడి సర్వపిండి చేసి డబ్బాలో తెచ్చింది. మిషిన్ బాగు చేసినందుకని, సంతోషి లేకపోతే తమకు దిక్కెవరని సంతోషి తల్లితో చెప్పి వెళ్లింది. తల్లి మురిసిపోయింది. సంతోషి ఒక ముక్క తుంచి, నోటిదాకా తెచ్చి, మళ్లీ డబ్బాలోనే పెట్టేసింది.

ఆమెను ఇంకొకటి తొలిచేది. ఇంతమంది ఇన్ని మాటలనుకున్నారు, ఆ మధ్యాహ్నం ఏం జరిగిందని ఎల్లన్నను మాత్రం ఎవరూ అడగలేదు. మొదట్లో ఆయన వేలిలో సత్తువ లేదు. తర్వాత అడగాలని ఎవరికీ తోచలేదు. అది గమనించినప్పుడు సంతోషికి ముందుగా కలిగింది ఊరట. ఆ వెంటనే, తాను ఎంతకు దిగజారిందో తెలిసి తలకొట్టేసినట్టయింది. ఆ ఇంటికి పోయినప్పుడల్లా ఆయన కళ్లు పడకుండా తల వైపు నుంచి పోయి లాప్‌టాప్ చూసి వచ్చేసేది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం జమున వచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

“మామకు మతి సుత తప్పుతాంది కావచ్చు,” అంది. “నిన్న అక్షరాల పేజీ తెరిసిండు. ఒక్కోటి ఒత్తుకుంట ఒత్తుకుంట ‘లైటు’ అని రాసిండు. పట్టపగలు లైటేందని ఏసిన. కండ్లు మూసుకున్నడు. బంద్ జేసిన. మళ్ల గదే. ఇయ్యాల పొద్దుగాల మళ్ల ‘లైటు’. ఏసినా కాదు, తీసినా కాదు. కండ్ల పొంటి నీళ్లు. మీ అన్న కరీంనగర్ తీస్కపోయి మెదడు డాక్టర్‌కు సూపెడ్దమంటున్నడు.”

సంతోషికి వెంటనే అర్థమైంది. పెద్దబాపు చెబుతున్నది ట్యూబులైటు గురించి కాదు. ఆ రోజు లాప్‌టాప్ తెర వెలుగుతూనే ఉందని చెబుతున్నాడు. ఛార్జింగ్ అయిపోయిందన్న మాట ఇంట్లో వినీ వినీ, అది తప్పని, కోడలి తప్పు కాదని, ఉన్న ఒక్క వేలితో చెప్పడానికి కష్టపడుతున్నాడు. దాన్ని మతి తప్పడం అనుకుంటున్నారు.

“ఆయనకు మతి మంచిగనే ఉంది వదినా,” అంది. “ఆ దినం ఛార్జింగ్ అయిపోలే. తెర లైటు వెలుగుతనే ఉండె. గదే చెప్తున్నడు.”

జమునకు అర్థం కాలేదు. సంతోషి మొదటినుంచీ చెప్పింది. ఆదివారం చేసిన కెర్నెల్, నిద్రపుచ్చిన బటన్, చెయ్యకుండా వదిలేసిన పరీక్ష, తాళం వెయ్యడానికి ఆగినప్పుడు తాను చూసింది. చెబుతున్నంతసేపూ జమున ఆమె మొహం వైపే చూసింది.

“దవాఖానల అన్న అడిగినప్పుడే నీకెరుకనా?”

“ఎరుకనే.”

ఎక్కడో ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ రెక్కలు గడగడలాడాయి.

“ప్లగ్గు పెట్టిన్నని నాకు యాదికుండె,” అంది చివరికి. గొంతు పెంచలేదు. “మిక్సీ తీసి, ఎంటనే పెట్టిన. మంచిగ యాదికుండె. నువ్వు సదువుకున్నదానివి, నువ్వన్నవని నా యాదినే నేను నమ్మలే.”

సంతోషి తల దించుకుంది. తప్పయిందని అనబోయింది. ఆ మాట ఎంత చిన్నదో అనకముందే తెలిసింది. జమున లేచి నిలబడింది.

“నాకు జెప్పుడు కాదు. మీ అన్న నన్ను ఎవల ముంగట తిట్టిండో ఆళ్ల ముంగట జెప్పు. మామ ముంగట జెప్పు.”

ఆ సాయంత్రం రఘుపతి డ్యూటీ దిగి స్నానం చేసి కూర్చున్నాక, జమునే పోయి మల్లక్కను పిలుచుకొచ్చింది. దవాఖాన దగ్గరికి వచ్చిన పక్కింటివాళ్లు మరో ఇద్దరు వచ్చారు. సంతోషి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మని జమున అనలేదు, పొమ్మనీ అనలేదు. ఈసారి సంతోషి మంచానికి ఎదురుగా పోయి నిలబడింది. ఎల్లన్న కళ్లు ఆమె మీద నిలిచాయి.

ఆఫీసు మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడే మనిషికి ఆ నాలుగు మాటలు పెగలడం గగనమైంది. మిషిన్ ఛార్జింగ్ అయిపోలేదని, వదిన ప్లగ్గు పెట్టే ఉంచిందని, తప్పు తాను చేసిన మార్పులో ఉందని చెప్పింది. అక్కడితో ఆగిపోవచ్చు. అందరూ పొరపాటు అనుకునేవారు. ఆగకుండా, ఆ సంగతి తనకు దవాఖానకు రాకముందే తెలుసునని, తెలిసీ అబద్ధం ఆడానని కూడా చెప్పింది. మల్లక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఒకాయన తల గోక్కుంటూ నేల చూశాడు.

రఘుపతి మొహం నల్లబడింది. అతను కోపంగా చూస్తాడని సంతోషి అనుకుంది. చూడలేదు. కాసేపు గోడ చూసి, “అయినా గంతసేపు ఇల్లు ఇడిసిపెట్టి పోవుడు...” అని నసిగాడు.

అప్పుడు ఎల్లన్న వేలు కదిలింది. అక్షరాల పేజీ తెరుచుకుంది. పసుపు గడి ఒక్కో అక్షరం మీద ఆగుతూ నడిచింది. ఎవరూ లేచి పోలేదు. ఒకసారి వేలు ఆలస్యమై తప్పు అక్షరం పడితే, దాన్ని చెరిపి మళ్లీ మొదలుపెట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది. జమున తుడవబోతే కళ్లతోనే వద్దన్నాడు. బయట చీకటి పడుతుండగా మాట పూర్తయింది. లాప్‌టాప్ ఎత్తూ పల్లమూ లేని తన గొంతుతో పలికింది.

“రఘుపతి. నువ్వు సుత చెప్పు.”

ఏం చెప్పాలో అతనికి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. చాలాసేపు తువ్వాలు చేతుల్లో నలిపాడు. జమున వైపు చూడకుండానే, నాదే తప్పన్నట్టు ఏదో గొణిగాడు.

“మామకు ఇనవడాలె,” అంది జమున.

రఘుపతి తలెత్తాడు. “నాదే తప్పు జమునా. అందరి ముంగట అట్ల అనకపోవాల్సింది,” అన్నాడు స్పష్టంగా. అని, అక్కడ ఉండలేక చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

సంతోషి ఇంకా నిలబడే ఉంది. పెద్దబాపు తనతో కూడా ఏదైనా అంటాడని ఎదురుచూసింది. తిట్టినా సరే, ఒక్క మాట. పసుపు గడి మళ్లీ మొదటి పేజీలో మాటల మీదుగా నడుస్తోంది. ఆయన తెర వైపు చూస్తున్నాడు. గడి చివరిదాకా పోయి మళ్లీ మొదటికి వచ్చింది. వేలు కదలలేదు. మల్లక్క భుజం మీద చెయ్యి వేసి, ఇంటికి పో బిడ్డా అనేదాకా సంతోషి కదల్లేదు.

ఇంటికి పోయి వాట్సాప్ గ్రూపులో కూడా రాసింది. తన పనితనం గురించి గొప్పగా పెట్టిన చోటే, ఆ పనితనం పెద్దబాపు నోరు ఎలా నొక్కిందో, తాను నింద ఎవరి మీదికి తోసిందో వివరంగా రాసింది. కొందరు సగం చదివి మళ్లీ చప్పట్లు పంపారు. ఆ చప్పట్లు తిట్లకంటే ఎక్కువ కాల్చాయి. తండ్రి మాత్రం మొత్తం చదివి, ఫోను బల్ల మీద బోర్లించి, ఆ పూట ఆమెతో మాట్లాడలేదు.

తర్వాత చెయ్యాల్సినవి చేసింది. కొత్త బ్యాటరీ వెతికి తెప్పించింది. లాప్‌టాప్‌తో సంబంధం లేని ఒక గంటను, ఆయన నొక్కితే మల్లక్క ఇంట్లో మోగేలా గట్టయ్య చేత అమర్పించింది. అంతటితో నమ్మకం కుదరక, రోజూ మధ్యాహ్నం భోజనం వేళకు సెలవడిగి వచ్చి, ఛార్జరు తీసేసి, ఎల్లన్న మంచం పక్కన కూర్చునేది. బటన్‌ను చాలాసేపు ముట్టుకోకుండా ఉంచి, తర్వాత ఆయన్ని నొక్కమనేది. పలికితే మళ్లీ ఆగేది. జమున అటూ ఇటూ తిరుగుతూ పని చేసుకునేది. కూర్చోమనేది కాదు, చాయ్ ఇచ్చేది కాదు. సంతోషి అడిగేది కాదు.

అలా ఎన్నో మధ్యాహ్నాలు గడిచాయి. ఒకనాడు సంతోషి వచ్చేసరికి జమున బీరువా వెనకనుంచి మగ్గం చట్రం బయటికి లాగుతోంది. మీద పేరుకున్న బొగ్గు దుమ్మును తడిగుడ్డతో తుడిచింది. పూసల డబ్బా సంచిలో వేసుకుంది. వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

“నేనొచ్చేదాక ఈడనే కూసో. మిషిన్ మీద కాదు, మామ మీద కన్నుంచు.”

“సరే వదినా,” అంది సంతోషి.

జమున గుమ్మం దాటి, ఎండలోకి పోయి, వరుస చివర మలుపు తిరిగింది. సంతోషి కిటికీకి గుడ్డ కట్టింది, కూజాలో నీళ్లు నింపి దగ్గర పెట్టుకుంది. కాసేపటికి కరెంటు పోయింది. కూలరు మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. తెర వెలుగుతూనే ఉంది. ఆమె ఒక అట్ట తీసుకుని పెద్దబాపుకు విసరసాగింది. ఆయన ఒకసారి ఆమె వైపు చూసి, కళ్లు మూసుకున్నాడు. నిద్ర వచ్చి మూసుకున్నాడో, తన మొహం చూడలేక మూసుకున్నాడో ఆమెకు తెలియలేదు. అడిగే ముఖం తనకు లేదనుకుంది. చెయ్యి నొప్పి పుట్టినా ఆపకుండా విసురుతూ కూర్చుంది.